వంటింటి ఫోన్ నంబరు

జూన్ 12, బుధవారం

వదినకు నమస్కారాలు. మీరు ముగ్గురూ బాగున్నారని అన్నయ్య చెబుతూనే ఉన్నాడు.

నిన్న ఉదయం పదకొండూ ఇరవైకి మన కంపెనీని అమ్మడానికి ఒప్పుకున్నాను. నీ సంతకం కూడా కావాలి. మూడేళ్లుగా మన మధ్య మాటల్లేవు కాబట్టి ఉత్తరం రాస్తున్నాను.

ఈ కంపెనీ ఎలా నిలబడిందని కొనేవాళ్లు అడిగారు. మన తప్పు వల్ల అన్నాను. దుకాణాల్లో సరుకు నిలవుంచే చల్లగది వేడెక్కితే కూతపెట్టే పెట్టెలు తొలివిడత రెండు వందలు చేశాం, గుర్తుందా? ఆఫీసు నంబరు ఇంకా రాలేదని స్టిక్కర్ల మీద మీ వంటింటి ఫోన్ నంబరు వేయించాం. తర్వాత మార్చడం మరిచాం. పూలకొట్టు ఆవిడ ఫోన్ చేసి, గులాబీలు బాగానే ఉన్నాయమ్మా, మీ కూతకి నా చెవులే వాడిపోతున్నాయి అంది. నువ్వు ఒక చేత్తో కూర కలుపుతూ క్యాలెండరు అంచున రాసుకున్నావు. చల్లగది తలుపు తీసినప్పుడల్లా పెట్టె కూస్తోందని అలా తెలిసింది. ఆరు నిమిషాలు ఆగి కూసేలా మార్చాం. ఆ తర్వాతే పెట్టెలు జోరుగా అమ్ముడుపోయాయి. ఇంటి ఫోన్ ఎప్పుడూ దుకాణాలవాళ్లకే సరిపోతోంది, అమ్మ నాతో మాట్లాడాలంటే ముందు ఓ ఫ్రీజరు కొనుక్కోవాలా అని అన్నయ్య వేళాకోళం చేసేవాడు.

మూడేళ్ల కిందట కంపెనీకి మొదటి బేరం వచ్చినప్పుడు నువ్వు అమ్మేద్దామన్నావు. మనిద్దరి చేతనైనది అయిపోయింది, ఇక పెద్ద కంపెనీవాళ్లే చేయగలరు అన్నావు. కంపెనీ ఇంకా పసిది, అప్పుడే అత్తారింటికి పంపుతామా అన్నాను నేను. అయితే నువ్వే పెంచుకో తల్లీ అని బ్యాగు తీసుకుని వెళ్లిపోయావు. అప్పటి నుంచీ అన్నయ్య అడకత్తెరలో పోకచెక్క.

నువ్వన్నదే నిజమైంది. ఈ మూడేళ్లలో కొత్త దుకాణాలు నాలుగు వందలు చేరాయి. పెట్టెలో ఒక్క మార్పూ లేదు. ఫోన్లు ఎత్తడానికి మనుషులున్నారు, వాళ్లు విన్నది నాదాకా రాదు. నేనూ అడగడం మానేశాను.

కొనేవాళ్లు మన దగ్గరున్న పదహారు మంది ఉద్యోగాలూ ఉంచుతామని రాసిచ్చారు. నీ సంతకం లేకపోతే శుక్రవారంతో బేరం రద్దు.

ఇట్లు,
నీ ఆడపడుచు

తా.క. మొదటి బేరంనాడు నువ్వు గదిలో లేనప్పుడు వాళ్లు నాతో, ఆవిడ ఒక్కరూ మాతో వస్తే చాలు, మీరు అక్కర్లేదు అన్నారు. అది విన్న గంటకే నీతో అమ్మొద్దని వాదించాను. ఈ సంగతి అన్నయ్యకీ తెలియదు. ఇది చదివాక రావాలో వద్దో నీ ఇష్టం. శుక్రవారం ఉదయం పది గంటలకు, లాయరు ఆఫీసు రెండో అంతస్తులో సంతకాలు. నేను తొమ్మిదిన్నరకే అక్కడ ఉంటాను.