లివరుకు కాపలా

ఒరేయ్ ఎవారిస్తో, గిన్నెలో క్వినువా జావ ఉంది, తాగు. దగ్గు పొడి నీళ్ళలో కలిపి మూతపెట్టాను. టీబీ మాత్రలకు లివరు దెబ్బతినకుండా ఈ పాత దగ్గు మందే కాపాడుతుందని నర్సమ్మ చెబితే, ఇక బీరు తాగొచ్చనుకున్నావా? ఆదివారం నీ వైద్యం ఖర్చుల కోసం నేను పేటవాళ్ళకు కోళ్ళు వేయించి అమ్ముతుంటే, చేతులు మారుతున్న బీరు గ్లాసు నువ్వూ ఎత్తావట. "మా అక్క నా లివరుకు కాపలా పెట్టిందిలే, పోయండి" అన్నావట. ఆ నవ్వులు పొయ్యి దాకా వినిపించాయి. ఎందుకో తెలియక నేనూ నవ్వాను.

కషాయం అమ్మే బండి తీసుకుని వెళ్తున్నాను. ఇవాళ మాత్రలకు ఆసుపత్రికి వెళ్ళినప్పుడు బీరు తాగానని నువ్వే చెప్పు. మా తమ్ముడు చుక్క ముట్టడని ఇన్నాళ్ళూ అక్కడ ఒట్టేసింది నేను.

అక్క

తా.క. కళ్ళు పచ్చబడ్డాయేమో వెలుతురులో చూసుకో. నన్ను చూడమనకు.