అలుగు పొలుసు ఉంగరం

మార్చి 9, 1897. మంగళవారం.

నా భార్య సువార్తమ్మ సమాధి పక్కన ఏదో జంతువు కన్నం వేసింది. మట్టి బయటికి ఎగజిమ్మి ఉంది. ఒళ్లంతా పొలుసులుండే అలుగు పనేనట, అది శవాల్ని తింటుందట. మా బావమరిది సామ్యేలు సంఘ పెద్ద. కన్నంలో పొగ పెట్టి చంపాల్సిందేనన్నాడు. అక్కని మట్టికిచ్చాం గానీ మృగానికి కాదు బావా అన్నాడు. మాట బాగుంది. ఆదివారం ప్రసంగంలో వాడికి ఇంత బాగా రాదు.

మార్చి 10. ఉదయం.

అలుగుని నేనెరుగుదును. విజ్జేశ్వరం లాకు దగ్గర గేట్లు ఎత్తించే ఉద్యోగంలో ఉండగా, వెదురు తెప్పల వాళ్లు గోనెసంచిలో ఒకదాన్ని తెచ్చారు. ముట్టుకుంటే బంతిలా చుట్టుకుంది. నోట్లో ఒక్క పన్ను లేదు. ఇంజనీరు దొర చూసి దీని పేరు ఆర్మడిల్లో అన్నాడు. మర్నాడు బొమ్మల పుస్తకం తెచ్చి తనే దిద్దుకున్నాడు. ఆర్మడిల్లో అమెరికాదట, వేరే జాతట. అదీ డొప్ప కప్పుకుని చీమల్నీ చెదల్నీ తవ్వుకు తింటుందట. అక్కడా దాన్ని సమాధులు తవ్వేదని ఆడిపోసుకుంటారట. లోకమంతా సామ్యేళ్లే.

పళ్లు లేనిది శవాన్నెలా తింటుంది? నాకూ పళ్లు లేవు. నేను జావ తాగుతాను, అది చెదలు నాకుతుంది.

మార్చి 12.

సామ్యేలు ఎండుమిరపకాయలూ గడ్డీ తెప్పించాడు. ఉడుముల్ని పట్టే చిట్టియ్యని పిలిపించాడు. నేను కన్నం మీద కుర్చీ వేసుకుని కూర్చున్నాను. లేవమన్నారు. లేవలేదు. పలుగు తెండి, నా భార్య సమాధి నేనే తవ్విస్తాను, ఆవిడ వేలొక్కటి తక్కువైనా అలుగుని మీ ఇష్టం అన్నాను. ఆడవాళ్లు చెవులు మూసుకున్నారు.

చిట్టియ్య కన్నం వెంట తవ్వాడు. అది సమాధిలోకి పోలేదు. శిలువ కిందికి తిరిగింది. శిలువ మొదలంతా చెదలు. మేం అందరికీ మామిడి చెక్క శిలువే పాతుతాం. పుచ్చిపోతే పక్కనే ఇంకోటి పాతుతాం. అంటే చచ్చినవాళ్ల తలాపున చెదలకి విందు పెడుతున్నది మేమే. ఆ విందుకే వచ్చింది అలుగు.

సామ్యేలు తువ్వాలు దులిపి భుజాన వేసుకున్నాడు. వెళ్తూ వెళ్తూ, అయినా దాని పొలుసు ఉంగరం చేయించుకుంటే మొలలు తగ్గుతాయట బావా అన్నాడు.

అదీ సంగతి.

మార్చి 13.

మొలలకి మంచిదని సామ్యేలుకి కందగడ్డ పంపాను. తిప్పి పంపాడు.

ఏప్రిల్ 3.

కళ్లు చూపించుకోవడానికి పడవెక్కి రాజమండ్రి వెళ్లాను. వచ్చేసరికి కన్నం నోట్లో బూడిద. మిరప ఘాటు ఇంకా పోలేదు. చిట్టియ్య నా కంటబడకుండా తిరుగుతున్నాడు.

ఏప్రిల్ 18. ఈస్టరు.

తెల్లారగట్ల సమాధుల దొడ్డిలో ఆరాధన. సామ్యేలు ప్రార్థనకి చెయ్యెత్తాడు. వేలికి కొత్త ఉంగరం, పొలుసుది. అందరూ ఆమేన్ అన్నారు. నేను అనలేదు. పళ్లులేని ప్రాణిని చంపావు, ఇప్పుడైనా సుఖంగా కూర్చోగలుగుతున్నావా అని అందరి ముందూ అడిగాను. ఆడవాళ్లు కొంగులు అడ్డం పెట్టుకున్నారు. సంఘంలోంచి తీసేస్తామన్నారు. తీసెయ్యండి అన్నాను. సువార్తమ్మకి ఇక చెక్క శిలువ పాతను, గోదారి రాయి ఒకటి చాలు అని కూడా చెప్పాను.

ఆగస్టు 22.

చెదలు మా ప్రార్థన గుడి దూలం ఎక్కాయి. సామ్యేలు మా ఇంటికి వచ్చాడు. కుర్చీ వేస్తే కూర్చోలేదు. నిలబడే అడిగాడు, ఇంకో అలుగు ఎక్కడైనా దొరుకుతుందా బావా అని.

ఉంగరం దూలానికి తొడగమన్నాను.