మీ ఫీజు మంజూరైంది

ఏవండీ,

అక్షరాలు వంకరగా ఉన్నాయి, తప్పులుంటే ఏమనుకోకండి. మీరు పోయి నేటికి ఏడాది. మీ వార్డరు ఉద్యోగం నాకిమ్మని అడగడానికి జైలు ఆఫీసుకు వెళ్ళాను. మీరు డ్యూటీ చేస్తూ చదువుతుండిన డిగ్రీకి ఫీజు జైళ్ళ శాఖే కడుతుందని మంజూరు కాగితం ఇప్పుడొచ్చిందట. గుమాస్తాగారు చూపించి, దాని మీద అడ్డంగా గీత కొట్టేశారు.

"నువ్వేం చదివావమ్మా?"

"ఏడండి."

"టెన్తుంటే వార్డరువయ్యేదానివి. ఇప్పుడు ఊడ్చే పనే. మీ ఆయనకంత చదువు పిచ్చి గదా, నిన్ను చదివించలేదేం?"

"నాకే ఇష్టం లేదండి" అన్నాను.

మిరప కోతలప్పుడు పరీక్షలేంటని ప్రైవేటుగా కడదామనుకున్న నా టెన్త్ ఫారం మీరు చింపేసిన సంగతి చెప్పలేదు. సోమవారం నుంచి మీతో డ్యూటీ చేసినవాళ్ళ గదులు ఊడవాలి.

ఈ రోజు మీ కోసం ఏడుపు రాలేదు. ఇది ఎవరికి దొరికినా, అత్తయ్య చూడకముందే కాల్చేయండి.