సుందరాబాయి విన్నది

నాందేడ్,
12 అక్టోబరు 1982

అవ్వ కాళ్లకు మొక్కి కొడుకు కాశీరాం రాసేది. నా ఒంట్లో బాగుంది. భివండిలో మీకందరికీ బాగుందనీ, అక్క కూతురు బోర్లా పడుతోందనీ అక్క రాసిన ఉత్తరంలో చదివాను. ఆ ఉత్తరం వచ్చి నెల దాటింది. జవాబు రాయంది పని ఎక్కువై కాదు, రాయబుద్ధి కాక. అక్కా, అవ్వకు చదివి వినిపించేది నువ్వే కదా. ఏదీ దాటేయకు. మెత్తగా మార్చి చదవకు. ఉన్నది ఉన్నట్టు చదువు.

అవ్వా, ముందు నువ్వు అడిగినవి చెప్తాను. తింటున్నాను. జొన్నరొట్టె నేనే చేసుకుంటున్నాను. నీ రొట్టెలాగా పొంగదు, నమిలితే దవడలు గుంజుతాయి. ఇంటాయన పైకప్పు రేకు మార్పించాడు. నేను మొత్తుకున్నందుకు కాదు, వాన ఆయన బియ్యం బస్తాల మీద పడ్డందుకు. జ్వరం ఒక్కసారే వచ్చింది, పోయింది. కోపం తగ్గిందా అని అడిగావు. దాని గురించే ఈ ఉత్తరమంతా.

నా పని విని బావ నవ్వాడట కదా, గాలి కొట్టుడు గూడ ఒక నౌకరేనా, దానికి సదువు గూడనా అని. బావకు చెప్పు. ఆయన బట్ట నేసే సాంచెలో దారం తెగితే ముడి వేసి మళ్లీ నడిపిస్తాడు. ఇక్కడ తెగితే ముడి వేసేవాడు లేడు.

మూడేళ్లు నేను ఈ దవాఖానలో గాలి సిలిండర్లు తోశాను. నీకు తెలుసు. పోయిన ఏడాది మత్తిచ్చే డాక్టర్ నందకిషోర్ వచ్చి, ఊపిరి ఆడని రోగుల్ని చూసుకునేందుకు పనివాళ్లు కావాలని మాలోంచి ముగ్గురిని ఏరి నేర్పుతున్నాడు. నేను ఏడో తరగతితో ఆగినవాణ్ణి. మందు డబ్బాల మీద ఇంగ్లీషు అక్షరాలు కూడబలుక్కుని, డాక్టరు పాత పుస్తకంలో ఊపిరితిత్తుల బొమ్మలు చూసి గీసుకుని, అర్థం కానిది మళ్లీ మళ్లీ అడిగి తిట్లు తిని నేర్చుకున్నాను. పరీక్షకు ఎప్పుడు పోతావని అడిగావు. ఈ ఏడు పోవడం లేదు. డాక్టరు నా పేరు కొట్టేశాడు. నువ్వు అక్కడ మనవాళ్లందరికీ చెప్పేసి ఉంటావు. ఏం చేస్తావు, కొట్టేశారని కూడా చెప్పు. ఎందుకు కొట్టేశాడో రాస్తాను.

శ్రావణంలో కిన్వట్ దిక్కు పల్లె నుంచి సుందరాబాయి అనే ఆమెను తెచ్చారు. పాతికేళ్లుంటాయి. కింద పడుకుని ఉంటే కట్లపాము కరిచింది. కట్లపాము గాటు కంటికి కనబడదు, వాపు రాదు. కడుపులో నొప్పి అంటారు. తర్వాత కనురెప్పలు వాలిపోతాయి, తర్వాత నాలుక పడిపోతుంది, చివరికి రొమ్ము లేవదు. చూసేవాళ్లకు చచ్చినట్టే ఉంటుంది. కానీ తెలివి పోదు, చెవులు వింటూనే ఉంటాయి. ఇది డాక్టరు చెప్పిన పాఠం. నోటుబుక్కులో కింద గీత గీసి మరీ రాసుకున్నాను. తెలియక చేశానని నువ్వు అనుకోకూడదని రాస్తున్నాను.

మాకున్న ఒక్క మెషీను చెడి బొంబాయికి పోయింది. అందుకని ఆమె గొంతులోకి గొట్టం దించి, దానికి రబ్బరు సంచి తగిలించి చేత్తో ఒత్తాలి. ఒక్కసారి ఒత్తితే ఒక్క ఊపిరి. విషం దిగేదాకా, ఎన్ని రోజులైనా అంతే. మేం ముగ్గురం, వనమాల సిస్టరు, నలుగురం వంతులు వేసుకున్నాం. ఎంత వేగంగా ఒత్తాలని మొదటి రోజుల్లో అడిగితే డాక్టరు, గడియారం చూడకు, నీ ఊపిరి చూసుకో అన్నాడు. నువ్వు పీల్చినప్పుడు ఒత్తు, నువ్వు వదిలినప్పుడు వదులు. తేలికైన పని అనుకున్నాను అప్పుడు.

ఆమె పెనిమిటి పేరు హన్మంతు. కడుపునొప్పి అంటే వాము నమిలించాడు. తెల్లారి ఆమె కళ్లు తెరవకపోతే మంత్రాలేసే దేవరసి దగ్గరికి ఎత్తుకుపోయి దారం కట్టించాడు. అక్కణ్ణుంచి బండి, బండి దిగి బస్సు. ఇక్కడికి వచ్చేసరికి పొద్దు నెత్తి మీదికొచ్చింది. ఈ లెక్కంతా ఆయనే మా సిస్టరుకు చెప్పుకున్నాడు. పక్కన నిలబడి విన్నాను. అప్పటి నుంచే ఆయన్ని చూస్తే నాకు ఒళ్లు మండుతోంది.

రెండో రోజు మధ్యాహ్నం నా వంతు. ఆయన మంచం పక్కన నిలబడి ఆమె పాదాలు పట్టి చూశాడు. చల్లగా ఉన్నాయి. ఇంటికి తీసుకుపోతానన్నాడు, పానం ఇంట్లోనే పోనియ్యి అన్నాడు. ఇంకా రెండు రోజులు ఆగమన్నాను. ఆయన ఆగలేదు.

"ఈమెల పానమేడున్నది సారూ? సైకిల్ ట్యూబుకు కొట్టినట్టు నువ్వు గాలి కొడ్తున్నవ్. గాలి నిండితె మనిషి బతికినట్టా?"

నాకు లోపల ఏదో తెగింది. "పొద్దుగాల్నే తెస్తె గీ గతి అస్తుండెనా? వాము నమిలిచ్చి, దారాలు కట్టిచ్చి, మొత్తం సంపి తెచ్చినవ్. ఇంకోదాన్ని సూసి పెట్టుకున్నవా ఏంది, గింత తొందర?"

ఆ మాట ఆమె తల దగ్గర నిలబడి అన్నాను అవ్వా. ఆమె చెవికీ నా నోటికీ మధ్య మూరెడు దూరం లేదు.

ఆయన ముఖం నల్లబడింది. "నోరు మంచిగ రానియ్యి. సంచి ఒత్తేటోనివి, సంచి ఒత్తు" అన్నాడు.

సంచి వదిలేసి ఆయన అంగీ పట్టుకున్నాను.

ఎంతసేపు పట్టుకున్నానో నాకు తెలియదు. ఇరవై లెక్కపెట్టేంత సేపు కావచ్చు, నలభై కావచ్చు. సంచి ఒక పక్కకు వేలాడి గొట్టాన్ని గుంజేసింది. అవతలి మంచం దగ్గరున్న వనమాల సిస్టరు మా గొడవ విని తిరిగి చూసి పరుగెత్తుకొచ్చింది. అప్పటికి సుందరాబాయి పెదవులు నేరేడు పండు రంగుకు వచ్చాయి. డాక్టరు వచ్చి గొట్టం తీసి మళ్లీ దించాడు. సంచి సిస్టరుకే ఇచ్చాడు. రంగు తిరిగాక నా వైపు చూసి ఏం జరిగిందని అడిగాడు.

ఆమె పెనిమిటే గొట్టం గుంజాడు అని చెప్పాను. డాక్టరుతో మాట్లాడే మరాఠీలో చెప్పాను. అయినా హన్మంతుకు అర్థమైంది. నా ముఖమే చూశాడు. దవాఖాన బట్టలు వేసుకున్నవాడు ఒక మాట చెప్తే, బురద ధోతి కట్టుకున్నవాడిని ఎవరు అడుగుతారు? ఎవరూ అడగలేదు. గేటు దగ్గరి మనిషి వచ్చి ఆయన రెక్క పట్టి బయటికి తీసుకుపోయాడు. మళ్లీ లోపలికి రానివ్వొద్దని చెప్పారు.

నాలుగు రోజులు ఆయన సైకిల్ స్టాండు రేకుల కింద కూర్చున్నాడు. నేను చాయ్‌కి అటే పోవాలి. నేను కనబడినప్పుడల్లా లేచి నిలబడేవాడు. తిట్టడానికి కాదు. ఆయన పెండ్లాం ఊపిరి నా చేతిలో ఉంది కదా, నిలబడక ఏం చేస్తాడు. నేను తల పక్కకు తిప్పుకుని పోయేవాణ్ణి. ఆ నాలుగు రోజులూ నా వంతు వచ్చినప్పుడు సంచి పట్టాను, అన్నం తిన్నాను, నిద్రపోయాను కూడా. అది కూడా రాయాలి కదా.

దవాఖానకు వచ్చిన నాలుగో రోజు ఆమె రెప్పలు కదిలాయి. ఆరో రోజు పొద్దున తనంతట తానే ఊపిరి తీస్తుంటే డాక్టరు గొట్టం తీసేశాడు. వార్డులో ఒక మనిషి లేచి కూర్చుంటే మాకందరికీ పండగ. వనమాల సిస్టరు కళ్లు తుడుచుకుంది. నేనూ సంతోషపడ్డాను, అబద్ధం ఎందుకు. సాయంత్రం ఆమెకు నీళ్లు తాగించబోతే గిన్నె పక్కకు జరిపి, దగ్గరికి రమ్మని వేలు ఊపింది. గొంతు గీరుకుపోయి ఉంది. ఒక్కో మాటకూ ఆగి ఆగి చెప్పింది.

"నా పెనిమిటి గొట్టం ముట్టలే, తమ్మీ. నేనిన్న."

నీళ్ల గిన్నె కింద పెట్టాను.

"నువ్వచ్చి పట్టినవంటె నాకెర్కయితుండె. కడ్మ ముగ్గురి చేతుల గాలి నీళ్ల లెక్క అస్తుండె. నీ చేతుల కొట్టినట్టస్తుండె. రొమ్ము పల్గుతదనుకున్న. అద్దనుటానికి నోరు లేకపాయె."

ఆయనను లోపలికి రానియ్యి అంది. ఇంకేమీ అడగలేదు. ఎవరికైనా చెప్తానని కూడా అనలేదు.

డాక్టరు దగ్గరికి పోయి ఉన్నది చెప్పాను. ఆయన అరవలేదు. అరిస్తే బాగుండేది. ఎంతసేపు చెయ్యి తీశావు అన్నాడు. ఇరవై లెక్క అన్నాను. లెక్కపెట్టావా అన్నాడు. లేదన్నాను. రిజిస్టరు తెరిచి పరీక్షకు పోయేవాళ్లలో నా పేరు మీద గీత గీశాడు. నెల రోజులు సిలిండర్లు తోయి, తర్వాత చూద్దాం అన్నాడు. నీకు పని రాదని కాదు, నిన్ను నమ్మి మనిషిని అప్పజెప్పలేను అన్నాడు.

అక్కణ్ణుంచి సైకిల్ స్టాండుకు పోయాను. హన్మంతు మళ్లీ లేచి నిలబడ్డాడు. డాక్టరుకు నిజం చెప్పాననీ, లోపలికి రావచ్చనీ అన్నాను. కాళ్లు పట్టుకోబోతే వెనక్కి జరిగాడు. ఆమె మాట్లాడుతోందా అని అడిగాడు. మాట్లాడుతోందన్నాను. అన్నం తింటుందా అన్నాడు. రేపటి నుంచి అన్నాను. గేటు దాకా నడిచి అక్కడ ఆగి, నా వైపు చూడకుండానే అన్నాడు.

"నువ్వొక్కనాడన్నవ్. పొద్దుగాల్నే తేకపోతినని నేను దినాం అనుకుంటున్న."

డాక్టర్ నందకిషోర్‌ను తర్వాత ఒకసారి అడిగాను, కడుపునొప్పి అని వస్తే మీరైనా వెంటనే పాము కాటని పోల్చేవాళ్లా అని. గాటు లేకపోతే నేనూ కడుపునొప్పి మాత్రే ఇచ్చి పంపేవాణ్ణేమో అన్నాడు. ఆ మాట హన్మంతుకు చెప్పేలోపు వాళ్లు ఊరికి పోయారు.

ఇప్పుడు మళ్లీ సంచి పట్టనిస్తున్నారు, పక్కన సిస్టరు ఉంటేనే. పోయిన ఆదివారం ఎండ్రిన్ పురుగుల మందు తాగిన ముసలాయనను తెచ్చారు. అంతకుముందే సిలిండర్ల కాంట్రాక్టరు మనిషితో గొడవపడి వచ్చాను. నా వంతు వచ్చింది. సంచి మీద చెయ్యి వేశాను, తీసేశాను. నా ఊపిరి మంచిగ లేదు సిస్టర్, నువ్వు పట్టు అన్నాను. ఆమె సంచి అందుకుంది. నల్లా కింద తల పెట్టి, మెట్ల మీద కూర్చుని, దమ్ము దిగాక లోపలికి పోయి నా వంతు చేశాను. అంతే. కోపం తగ్గిందని రాయను. ఎప్పుడొస్తుందో తెలుస్తోంది.

అవ్వా, ఇంకొకటి ఉంది. హన్మంతు ఆ మాట అన్నప్పటి నుంచి నువ్వే కళ్లల్లో మెదులుతున్నావు.

బాపుకు ఊపిరాడక దమ్ము ఎక్కువైన రాత్రి నువ్వు తెల్లారేదాకా ఆగావనీ, నువ్వే సంపినవనీ పదిమందిలో అరిచాను. నువ్వు కొంగు నోట్లో కుక్కుకున్నావు తప్ప ఒక్క మాట అనలేదు. నాలుగేళ్లయింది. ఇద్దరం ఆ మాట మళ్లీ ఎత్తలేదు.

ఆ రోజు నువ్వు దవాఖాన వరండాలో ఉన్నావు, నేను లోపల ఉన్నాను. ఆ చిన్న దవాఖానలో సిలిండరు బాపు మంచం పక్కనే ఉంది, నిండుగా ఉంది. దాన్ని తిప్పే పానా లేదు. పానా జేబులో వేసుకుని ఒకాయన అన్నానికి పోయాడు. వేళ్లతో తిప్పబోయాను, గోళ్లు లేచిపోయాయి గానీ తిరగలేదు. ఆయన మూతి తుడుచుకుంటూ వచ్చేసరికి బాపు లేడు. ఆయన్ని ఒక్క మాట అనలేదు నేను. సారూ అన్నాను. బయటికి వచ్చి నిన్ను అన్నాను, నువ్వు తిరిగి ఏమీ అనవని తెలుసు కాబట్టి. సిలిండర్ల పనిలో ఎందుకు చేరావని నువ్వు ఎన్నిసార్లు అడిగినా ఇది చెప్పలేదు.

నువ్వు కూడా దినాం అనుకుంటున్నావేమో. అనుకోకు. రాత్రే తీసుకుపోయినా ఆ పానా అదే జేబులో ఉండేది. నువ్వు ఆలస్యం చేయలేదు అవ్వా. నాకు ఆ రోజే తెలుసు.

అక్కా, ఈ చివరిది అవ్వకు రెండుసార్లు చదువు.

ఇట్లు,
నీ మాట పడాల్సిన నీ కొడుకు
కాశీరాం