పిచ్చోని బిడ్డ

స్టేషన్ ఘన్‌పూర్,
ఆదివారం పొద్దున.

సౌభాగ్యవతి తిరుమలకు,

నీ పెనిమిటి భద్రయ్య దీవించి రాస్తున్నది. ఇక్కడ అందరం బాగున్నామని మొదటి వరుసలో రాయాలి కదా, రాశాను. ఆ మాట ఎంతవరకు నిజమో ఉత్తరం అయిపోయేసరికి నీకే తెలుస్తుంది. అక్కడ మస్కట్‌లో నువ్వు, నువ్వు చూసుకునే ఆ ముసలమ్మ, ఇద్దరూ చల్లగా ఉండాలని కోరుకుంటున్నాను. ఈ మాటలో మాత్రం వంకర ఏమీ లేదు.

నీ ఉత్తరం లింగాల ఘనపూర్ మహేశ్ తెచ్చి ఇచ్చాడు. సెలవు అయిపోయి మళ్లీ మస్కట్ వస్తున్నాడు కాబట్టి ఇది కూడా అతని చేతికే ఇస్తున్నాను. చేతిలో ఫోన్ పెట్టుకుని ఉత్తరమెందుకని అంటావు. ఫోన్‌లో నా మాట నువ్వు ఏనాడు నమ్మావు? పెళ్లైన కొత్తలో ఎస్‌టీడీ డబ్బా నుంచి మీ నాయిన గొంతుతో మాట్లాడి, బర్రె ఈనిందని చెప్పి నిన్ను భూపాలపల్లి బస్సు ఎక్కించినవాణ్ణి. అప్పటి నుంచి నేను వాన పడుతోందన్నా ఇంకొకరిని అడిగి గానీ నువ్వు నమ్మవు. కాగితం మీద మాత్రం నేను ఎప్పుడూ అబద్ధం ఆడలేదు. ఏడో తరగతి చదువుకు నిజం రాయడమే కష్టం, అబద్ధాలు కూడా ఎక్కడ రాయను?

అడిగినవాటికి వరుసగా జవాబు చెబుతాను. మామిడికాయ పచ్చడి పెట్టాము. కారం ఎక్కువైంది. కొలిచింది మన పక్కింటి సాయమ్మ, ఆమె నాలుకకు తగ్గట్టే కొలిచింది. కూలరు గాలి కొడుతోంది, నీళ్లు మాత్రం ఎక్కడం లేదు. ఊరందరి మోటర్లు బాగుచేసేవాడి ఇంట్లో కూలరు పంపు నడవదని నీకు తెలిసిందే.

ఇక పెద్ద ప్రశ్న. "రాజేశ్ చెప్పిండు, నీకు పిచ్చి లేసిందట, బిడ్డ చదువు పక్కకు పెట్టి నిన్ను దవాఖానకు తిప్పుతున్నదట, నిజమేనా?" అని రాశావు. మీ తమ్ముడు చెప్పినదాంట్లో కల్పించింది ఏమీ లేదు. శివరాత్రి ముందర ఒక పొద్దున కట్టయ్య బాయికాడి మోటరు కాలిపోయిందని తెచ్చి కొట్లో పడేసిపోయాడు. సాయంత్రం అతను వచ్చేసరికి నేను దాన్ని కుర్చీలో కూర్చోబెట్టి, నీ పాత శాలువా కప్పి, ముందర చాయ్ పెట్టాను.

"ఏందిరా బద్రీ గిది?"

"మెల్లగ మాట్లాడన్నా. జరం మీదున్నది."

"మోటరా?"

"మోటరే. బాయిల నీళ్లు లేకున్నా తోడు తోడు అని సతాయించినవట. నీ మీదనే ఏడుస్తాంది."

కట్టయ్య వెనక్కి వెనక్కి నడిచి రోడ్డు మీద పడ్డాడు. రెండు రోజుల్లో ఆ కబురు తరిగొప్పుల దాకా పోయింది. సాయమ్మ నాకు మిరపకాయలు తిప్పి పొయ్యిలో వేసింది. ఘాటుకు వాడంతా దగ్గింది. "ఇగో, దిష్టి గాదు. దిష్టయితె ఘాటు రాకపోవు. గిది తలకాయ లోపలిదే" అని తేల్చింది. ఆ మరునాడే వర్ష నన్ను జనగామ పెద్ద దవాఖానలో, జనం మెంటల్ డాక్టరు అనే డాక్టరు దగ్గరికి తీసుకుపోయింది. ఊరంతా చూడాలని నేను తువ్వాల నెత్తికి తిరగేసి చుట్టి, కండక్టరుకు వంగి వంగి దండం పెట్టాను. బస్టాండులో ఆడవాళ్లు ముక్కున వేలు వేసుకుని, "బిడ్డంటె గట్లుండాలె" అన్నారు. అప్పటి నుంచి వర్షకు పిచ్చోని బిడ్డ అని పేరు పడింది. తిట్టు కాదు, మెచ్చుకోలు.

చివరి ప్రశ్న మిగిలింది. వర్ష నీ ఫోన్ ఎందుకు ఎత్తడం లేదు? దీనికి జవాబు చెప్పడానికే ఇంత దూరం చుట్టు తిరిగి వచ్చాను. ఆ ముసలమ్మను పడుకోబెట్టి, నువ్వొక్కదానివే కూర్చుని చదువు తిరుమలా.

పిచ్చి నాకు లేవలేదు. దవాఖానకు పోవలసింది వర్ష. నేను ఊరి కళ్లకు అడ్డం నిలబడ్డాను, గంతే.

మొన్న చలికాలం పరీక్షలప్పుడు మహబూబాబాద్ కాలేజీ నుంచి ఫోన్ వచ్చింది. పరీక్ష హాల్లో మీ అమ్మాయి దగ్గర ఎలక్ట్రానిక్ వస్తువు పట్టుకున్నాం, వచ్చి తీసుకుపొమ్మన్నారు. రైల్లో పోతూ నవ్వుకున్నాను కూడా. నా బిడ్డే కదా, కాపీ కొట్టడానికి కొత్త మార్గం కనిపెట్టిందేమో అనుకున్నాను. పోయి చూస్తే ప్రిన్సిపాల్ బల్ల మీద ఆక్సిమీటరు ఉంది. కరోనాలో మీ అమ్మ వేలికి పెట్టిన చిన్న డబ్బా. మూల విరిగితే నేను చుట్టిన నల్ల టేపు ఇంకా దాని మీదే ఉంది.

వర్ష దాన్ని ఎడమచేతి వేలికి పెట్టుకుని, చున్నీ కింద దాచుకుని పరీక్ష రాస్తోందట. అంకె చూసుకోవడం, ఒక వరుస రాయడం, మళ్లీ అంకె చూసుకోవడం. ఇన్విజిలేటరు లాగేసుకున్నాడు. లాగేసుకోగానే ఊపిరి ఆడడం లేదని బెంచీ మీది నుంచి జారి పడిపోయింది. ఏం మిషన్ అని ఎంతమంది అడిగినా నోరు తెరవలేదు. నేనే చెప్పాను.

"కాపీ కొట్టే మిషను గాదు సారు. మనిషి ఊపిరి సూసే మిషను."

ప్రిన్సిపాల్ ఆ డబ్బాను నా చేతిలో పెట్టాడు. కేసు రాయలేదు, ఆ పరీక్ష ఎండాకాలం మళ్లీ రాసుకొమ్మన్నాడు. నాకు అప్పుడు గాని తెలియలేదు, కరోనా పోయినప్పటి నుంచి ఆ డబ్బా దాని దిండు కింద, బ్యాగులో, చివరికి స్నానాల గదిలో కూడా ఉంటోందని. అంకె ఎప్పుడు చూసినా మంచిగానే ఉంటుందట. ఊపిరి మాత్రం అందదట. పది మంది ఉన్న గదిలో తలుపులు వేస్తే ఇంకా అందదట.

ఇంటికి తెచ్చాక మాట పడిపోయినట్టే అయింది. ముద్ద గొంతు దిగదు. ఒక రోజు, పప్పులో ఉప్పు చాలిందా అని అడిగినంత మామూలుగా, "పొద్దున లేవకపోతె మంచిగుండు అనిపిస్తాంది నాయినా" అన్నది. నా నవ్వులాటలన్నీ ఆ గడపలోనే కూలబడ్డాయి. స్నానాల గది తలుపు గడియ పీకేశాను. కొట్టు మూసి, గడపలోనే కూర్చుని మోటర్లకు తీగ చుట్టాను. ఒక కన్ను తీగ మీద, ఒక కన్ను దాని మీద. చుట్లు తప్పి, బాగుచేసిన మోటర్లు మళ్లీ కాలిపోయి నా మొహాన్నే వచ్చి పడ్డాయి.

నీకు చెప్పలేదు. సముద్రం అవతల ఉండి నువ్వేం చేస్తావు, గోడకు తల కొట్టుకోవడం తప్ప.

దవాఖానకు పోదామంటే వినదు. "పిచ్చి దవాఖానకు పోయిన పోరి అంటరు. నేను రాను."

"మరి నాకు పిచ్చి లేస్తె తోలుకపోతవా?" అని అడిగాను.

అది నా మొహం చూసింది. ఎన్నాళ్లకో మూతి కొంచెం కదిలింది. "నీకు ఎప్పుడో లేసింది" అన్నది.

మరునాడే కట్టయ్య మోటరుకు జరం వచ్చింది.

డాక్టరమ్మ పేరు హిమజ. చిన్న వయసే. పేషెంటు ఎవరంటే నేనే అన్నాను, తలకాయలో మోటరు తిరుగుతోందన్నాను. నా వేషాలు కాసేపు చూసింది. "బాగుంది. మీరు బయట కూర్చోండి. మీకు తోడు వచ్చినామెతో మాట్లాడాలి" అన్నది. అప్పటి నుంచి ఎప్పుడు పోయినా పిచ్చోడు బయట బెంచీ మీద, తోడు వచ్చినామె తలుపు వెనక. గోలీలు ఇచ్చింది, ఊపిరి తీసి వదిలే పద్ధతి నేర్పింది. అన్నిటికంటే ఎక్కువ మాట్లాడించింది. మెల్లగా ముద్ద దిగింది, పుస్తకం తెరిచింది. కానీ ఫోన్‌లో నీ పేరు వెలిగితే మాత్రం దాన్ని బోర్లా పెట్టేస్తుంది. ఎందుకో నాకు గురువారం దాకా తెలియదు.

గురువారం రాజేశ్ భూపాలపల్లి నుంచి వచ్చాడు. గనిలో డ్యూటీ దిగి అట్లనే బస్సెక్కినట్టున్నాడు. గడప బయటే నిలబడ్డాడు.

"బావా, నీ ఇంట్ల మంచినీళ్లు గూడ తాగ. పిల్లను తోలుకపోదామని వచ్చిన."

"తోలుకపో. గీ మోటరును గూడ తీస్కపో, మీ దిక్కు గాలి మంచిగుంటది."

"నవ్వులాటనా? మమ్ముల గన్న అవ్వ నీ ఇంట్లనే పోయింది. కరోనా అని మూట గట్టి తీస్కపోతె మొఖం గూడ సూడకపోతిమి. ఇప్పుడు పిల్లను గూడ ఆగం జేస్తవా?"

కేకలకు జనం మూగారు. వర్ష పోతే దవాఖాన ఆగిపోతుంది, గోలీలు ఆగిపోతాయి, అక్కడ గడియ ఉన్న తలుపులు ఉంటాయి. అప్పుడే సాయమ్మ వచ్చి వర్ష తల నిమిరింది.

"గీ పిల్లకు మొక్కాలె. పిచ్చి తండ్రిని సంకనేసుకొని తిరుగుతాంది."

వర్ష ఆ చేతిని తీసేసింది. "పిచ్చి నాయినకు లేదు సాయమ్మత్తా. దవాఖానకు పోయేది నేను. గోలీలు మింగేది నేను. మీరు మెచ్చుకుంటుంటె నాకు సిగ్గయితాంది."

నేను ఊరుకోలేదు. "సూడుండ్రి, నా పిచ్చి పిల్లకు అంటుకున్నది" అని గెంతబోయాను.

"నాయినా, సాలు."

గట్టిగా అనలేదు. అయినా ఎత్తిన కాలు దించేశాను.

తర్వాత రాజేశ్ ఎదురుగా పోయి నిలబడింది. "మామా, అమ్మమ్మ పోయేటప్పుడు నేను నిద్రపోయిన. వేలికి డబ్బా పెట్టి అంకె సూసుకుంట కూసున్న. నాయిన ఆక్సిజన్ సిలిండరుకు జనగామ పోయిండు. పగటిపూట కండ్లు మూతపడ్డయి. లేసి సూసేసరికి డబ్బాల అంకె లేదు. అమ్మ ఫోన్ల ఏడ్సుకుంట, ఆఖరికి ఏమన్నదని అడిగింది. నీ పేరే పిలిచిందమ్మా అని చెప్పిన. పిలిచిందో లేదో నాకేం ఎరుక మామా?"

తిరుమలా, నాకూ అప్పుడే తెలిసింది. విమానాలు బంద్ అయి నువ్వు రాలేకపోయిన ఆ రోజుల్లో, పదహారు పదిహేడేళ్ల పిల్ల నీకోసం ఒక మాట కల్పించి, దాని కింద ఇన్నేళ్లు నలిగిపోయింది. ఇంటర్ చదువు ఫోన్‌లో, అమ్మమ్మ ప్రాణం వేలి చివర. రెండింటికీ దాన్నొక్కదాన్నే కాపలా పెట్టి, మళ్లీ ఎవరం అడగలేదు.

రాజేశ్ నల్లా దగ్గరికి పోయి మొహం కడుక్కున్నాడు. చాలాసేపు కడుక్కున్నాడు. వచ్చి గడప దాటి, లోపల పీట వాల్చుకుని కూర్చున్నాడు.

"ఆకలైతాంది బిడ్డా. అన్నం పెట్టు."

పచ్చడిలో కారం ఎక్కువైందని రాశాను కదా. ముగ్గురికీ కళ్లు కారుతుంటే ఆ కారానికే అనుకున్నాము.

ఊరికి ఇప్పుడు నిజం తెలిసింది. సాయమ్మ వర్షను చూస్తే ఏం మాట్లాడాలో తెలియక చింతపండు అడిగి పోతోంది. కట్టయ్య మాత్రం ఆగి, "నీకు తగ్గిందా బిడ్డా? మా మోటరుకు తగ్గింది" అని అడిగాడు. వర్ష నవ్వింది. ఆ ముసలాయనకు ఇకమీదట మోటరు బాగుచేస్తే కూలి తీసుకోను.

ఇప్పుడు నీ సంగతి. మీ అమ్మ చివరి మాట ఎవరూ వినలేదు. వర్ష విన్న ఆఖరి మాట ఆ రోజు పొద్దున గంజి తాగించినప్పటిది. "బద్రిగానికి గంజిల ఉప్పెయ్య గూడ రాదు, వాని చేతికి వాత వెట్టాలె" అన్నదట. నీ పేరు కాదు, నా పేరు, అదీ తిట్టుతో కలిపి. అచ్చం మీ అమ్మ లచ్చవ్వ మాటే అది, నువ్వు వినగానే గుర్తుపడతావు. కోపం వస్తే నా మీద పడు. ఏడుపు వస్తే ఏడువు. అయ్యాకనే దానితో మాట్లాడు.

ఎల్లుండి మంగళవారం మహబూబాబాద్‌లో ఆ పరీక్ష. తలుపు దగ్గరి బెంచీ ఇమ్మని ప్రిన్సిపాల్‌ను అడిగాను, సరేనన్నాడు. నేను గేటు బయట నిలబడతాను. రాస్తుందో, మళ్లీ మధ్యలోనే ఆగిపోతుందో తెలియదు. రెండో సంగతి జరిగినా రాత్రికి పప్పు వండుతాను. బాగైందని డాక్టరమ్మ ఇంకా అనలేదు, నేనూ తలుపు గడియ ఇంకా బిగించలేదు.

మహేశ్ చేతికి ఉత్తరంతో పాటు ఒక చిన్న పొట్లం ఇస్తున్నాను. కట్టింది వర్ష. "పారేయబుద్ధి కాదు నాయినా. దగ్గర పెట్టుకుంటె సూడకుంట ఉండలేను. అమ్మకు పంపు. అమ్మమ్మ వేలు ఆఖరికి పట్టుకున్నది గిదే. అమ్మ పట్టుకోలేదు గద" అన్నది. డబ్బాలోని బ్యాటరీ సెల్లులు తనే తీసేసింది. విప్పేటప్పుడు చూసుకో, మూల నల్ల టేపు ఊడివస్తోంది.

పొట్లం అందిన తర్వాత ఫోన్ చెయ్యి. నాకు కాదు, దానికి. ఎత్తుతానని మాట ఇచ్చింది. ఎత్తగానే పరీక్ష సంగతి అడగకు, నిద్ర సంగతి అడగకు. గంజిలో ఉప్పు సంగతి అడుగు.

ఇట్లు,
వాత పడవలసిన చేతితో రాసిన నీ పెనిమిటి,
వర్ష నాయిన.