నీలం ఎక్కువైన పటం

గౌరవనీయులైన ఓడ ఇంజనీరు గారికి, అనగా మా అక్కకి,

తమ్ముడు సవినయంగా వ్రాసుకొను విన్నపములు. ఇక్కడ నాన్న, నేను కులాసా. అమ్మ సంగతి కింద రాస్తాను, తొందరపడి కిందికి పోకు.

పోయిన ఉత్తరంలో నువ్వడిగినవాటికి జవాబులు. నాన్న మోకాలు ఫరవాలేదు, మెట్లెక్కేటప్పుడు మాత్రం వాటిని కట్టిన మేస్త్రీని తిడుతున్నారు. నా డిజైను చదువు ఎవరికైనా పనికొచ్చిందా అన్నావు. వచ్చింది. మన ముందుగదినే నా మొదటి బేరంగా పట్టుకున్నాను. ఇప్పుడు గోడల మీద మ్యాపులు పెట్టుకోవడం మోజు. నేను దిండు గలీబులకి కూడా మ్యాపులే వేయించాను. నాన్న రోజూ ఒక ఖండాన్ని నడుం కింద పెట్టుకుని కునుకు తీస్తున్నారు. చూడ్డానికొచ్చిన పక్కింటి లెక్చరరు గారు తన ఊరి కోసం వెతికి వెతికి, అది కుట్టులో పోయిందని తెలిసి చిన్నబుచ్చుకున్నారు.

గోడ మధ్యకి మాత్రం కొత్తది కొనలేదు. వంటింటి తలుపు వెనక అమ్మ తగిలించుకున్న ప్రపంచపటం ఉంది కదా, నువ్వు చెప్పి వెళ్ళిన దారి వెంట వారం వారం గుండుసూది జరుపుతూ ఉంటుందే, అదే. అంచులు పసుపుబారి ఎంతో అందంగా ఉంది. అమ్మ బజారుకెళ్ళినప్పుడు దించి ఫ్రేము కట్టించాను.

ఇక్కడిదాకా నవ్వుకుని ఉంటావు. ఇక నవ్వకు.

ఫ్రేముకి పటం పెద్దదైంది. నీలం మరీ ఎక్కువగా ఉంది, సోఫాకి నప్పదనిపించింది. ఎడమవైపు సముద్రాన్ని కత్తిరించి చెత్తబుట్టలో వేశాను. అందులో నువ్వున్నావని తట్టనే లేదు.

అమ్మ వచ్చి ముందు ముచ్చటగానే చూసింది. తర్వాత అద్దమంతా వేలితో వెతికి, "ఒరేయ్, అక్కనెక్కడ పెట్టావురా?" అంది.

కోసేశానని చెప్పకుండా తప్పించుకున్నాను. "ఓడ ముందే రేవు చేరిందటమ్మా, కంపెనీవాళ్ళు చెప్పారు" అంటూ ఫ్రేములో మిగిలిన ఒడ్డు మీద వేలు పెట్టాను.

రేవు చేరితే నువ్వు మొట్టమొదట ఫోన్ చేసేది అమ్మకే. ఆపాటి సంగతి నా పట్టా పుచ్చుకున్న బుర్రకి అందలేదు. అమ్మ స్నానానికి కూడా ఫోన్ వెంట తీసుకెళ్ళింది. మర్నాడు కంచం ముందు కూర్చుని, ముద్ద నోట పెట్టకుండానే లేచింది. ఉద్యోగం మానెయ్యమని కిందటిసారి ఫోన్‌లో నిన్ను గట్టిగా అన్నదట. అందుకే అలిగావనుకుంది. "పెద్దదాన్ని, నాకైనా బుద్ధుండొద్దూ" అని తనలో తను గొణుక్కుంటుంటే విని, ఇక ఆగలేక అంతా చెప్పేశాను.

చెంప చెళ్ళుమంటుందని సిద్ధంగా నిలబడ్డాను. "అయితే అది అలగలేదన్నమాట" అంటూ కళ్ళు తుడుచుకుని భోజనానికి కూర్చుంది. రెండు తగిలించినా బాగుండేది.

నీకు రాస్తున్నానని తెలిసి, ఉద్యోగం మానమని ఇంకెప్పుడూ అననని రాయమంది. రాశాను. కానీ అక్కా, ఆ మాట నువ్వు వాదించి గెలుచుకున్నది కాదు, నా అబద్ధం ఆవిణ్ణి భయపెట్టి రాబట్టింది. నువ్వు నిజంగా రేవులో దిగి ఫోన్ చేసినప్పుడు ఆ మాట పట్టుకుని నిలదీయకు. ఆవిడ మళ్ళీ మానెయ్యమంటే, కాసేపు అననియ్యి.

ఇట్లు,
అమ్మ ముందు తలెత్తలేని నీ తమ్ముడు