ఆయన ముట్టుకోనివ్వని కారు

నందిగామ
4-6-98

అహల్యమ్మ గారికి, మీరెరగని అబ్బాస్ నమస్కారాలు.

నేను పాత కార్లు కొని, బాగుచేసి, పెళ్లిళ్లకు అద్దెకిస్తుంటాను. మొన్న జగ్గయ్యపేటలో మీ షెడ్డులో నల్ల ల్యాండ్‌మాస్టర్ చూశాను. యాభై ఆరు మోడల్. పాత ఇనుముకి వేస్తే అది తూకం సరుకు. సామానంతా ఒరిజినల్‌గా ఉండి, ఒకే చెయ్యి నడిపిందైతే మాత్రం నాలాంటివాడికి దాని విలువ వేరు. ఎన్ని చేతులు మారిందో తెలుపగలరు.

మీ జవాబు కోసం చూసే,
అబ్బాస్

తా.క.: స్టార్టవుతుందా? అవకపోయినా పర్లేదు. పెళ్లివారిలో తోసేవాళ్లకి కొదవుండదు.


జగ్గయ్యపేట
8-6-98

అబ్బాస్ గారికి, అహల్య ఆశీస్సులు.

చేతులు మారలేదు. ఆయన స్టీరింగు ఎవర్నీ ముట్టుకోనివ్వరు. సీటు మాస్తుందని ముప్పై ఏళ్లలో నన్నూ ఎక్కించుకోలేదు. ఏ పెళ్లికైనా ఆయన కార్లో, నేను ఆర్టీసీ బస్సులో.

ఇల్లు అమ్మేశాం. నెలాఖరుకి షెడ్డు ఖాళీ చెయ్యాలి. నేను మైలవరం మా చెల్లెలు వాగ్దేవి దగ్గరికి వెళ్లిపోతున్నా. ఈలోగా కారు తోలుకెళ్లండి. రేటు మీ ఇష్టం.

ఇట్లు,
అహల్య

తా.క.: స్టార్టు కాకేం? రోజూ పొద్దున్నే చప్పుడు వినిపిస్తూనే ఉంటుంది.


నందిగామ
15-6-98

అహల్యమ్మ గారికి, అబ్బాస్ నమస్కరించి రాయడమేమంటే,

నిన్న ఆదివారం మధ్యాహ్నం వచ్చాను. ఇంటికి తాళం వేసి ఉంది. అయ్యగారు మాత్రం కార్లోనే ఉన్నారు. చెప్పులు విప్పించి ఎక్కించుకున్నారు. చిల్లకల్లు దాకా తిప్పి తీసుకొచ్చారు. ఇంజను కుట్టుమిషన్‌లా నడుస్తోంది. రేటు చెబితే తల అడ్డంగా ఊపారు. రెట్టింపు చెప్పాను. మళ్లీ ఊపారు. మీరే కాస్త నచ్చజెప్పాలి.

ఆశతో,
అబ్బాస్

తా.క.: దిగేటప్పుడు చెయ్యి కలిపాను. ఐసుగడ్డలా ఉంది. డాక్టరుకి చూపించండి.


జగ్గయ్యపేట
18-6-98

అబ్బాస్ గారికి,

ఆయన పోయి ఆరేళ్లయింది.

'ముట్టుకోనిచ్చేవారు కాదు' అని రాయాల్సింది. ఆయన గురించి అలా రాయడానికి నాకు చెయ్యి రాదు. పొరపాటు నాదే. పొద్దున్నే వినిపించే చప్పుడు పక్క వీధి పిండిమరదని అందరూ చెప్పారు. నేనూ అలాగే అనుకున్నా.

మీకు కనిపించింది ఎవరో దొంగేమో అని మొదట భయపడ్డా. చెప్పులు విప్పించారన్నారుగా, ఆయనే.

ఆరేళ్లుగా ఆ షెడ్డు రోజూ ఊడుస్తున్నా. నాకు ఒక్కసారీ కనపడలేదు. పరాయివారైన మిమ్మల్ని చిల్లకల్లు దాకా తిప్పారా? నా గురించి ఏమైనా అడిగారా? కారు సంగతి తర్వాత, అది రాయండి చాలు.

అహల్య

తా.క.: డాక్టరు వద్దు. ఉన్నప్పుడే మందు మింగేవారు కాదు.


నందిగామ
23-6-98

అమ్మా,

కారు వద్దు. ఊరికే ఇచ్చినా వద్దు. మీ ఉత్తరం చదివిన దగ్గర్నుంచి చలిజ్వరం. మా ఆవిడ షరీఫాబీ తాయెత్తు కట్టించింది.

అడిగారు కాబట్టి చెబుతున్నా. చిల్లకల్లు దగ్గర ఆర్టీసీ బస్సు ఆగి ఉంటే, ఆయన కారు పక్కకాపి దాని కిటికీలన్నీ ఒక్కొక్కటే చూశారు. 'ఆవిడ ఇందులోనూ లేదు' అన్నారు. కారు వెనక్కి తిప్పేశారు.

వణుకుతూ,
అబ్బాస్

తా.క.: పోయేటప్పుడూ వచ్చేటప్పుడూ పెట్రోలు ముల్లు సున్నా మీదే ఉంది. అప్పుడే అనుమానించాల్సింది. మైలేజీ బాగుందని సంతోషించా.


మైలవరం
30-6-98

అబ్బాస్ గారికి, అహల్య ఆశీస్సులు.

కారు అమ్మను. మీకే కాదు, ఎవరికీ.

పొద్దున షెడ్డు ఖాళీ చేద్దామని వెళ్లా. కారు ముందు తలుపు తెరిచి ఉంది. ఎక్కా. స్టీరింగు దగ్గర ఆయనే, సీటు మాస్తుందని అనలేదు. తెల్లారినప్పట్నుంచీ ఉన్న గుండెనొప్పి సీట్లో కూర్చోగానే పోయింది. నందిగామ మీదుగానే వచ్చాం. మీ ఇంటి ముందు హారన్ కూడా కొట్టాం, మీరు తలుపులు వేసుకున్నారు. దారి పొడుగునా నేనే మాట్లాడా. ముప్పై ఏళ్ల మాటలు. ఆయన వింటూ తోలారు.

ఉంటాను,
అహల్య

తా.క.: మా చెల్లెలు కారు చుట్టూ తిరుగుతోంది. లోపలికి తొంగి చూసి, "ఇదెవరు తోలుకొచ్చారు? మా అక్క ఏది?" అని వీధిలో వాళ్లనడుగుతోంది. గంట నుంచి పిలుస్తున్నా, పలకదు. ఆయన్ని చూసింది మీరొక్కరే. ఒకసారి మైలవరం వచ్చి, మేం ఇక్కడే ఉన్నామని దానికి చెప్పి పోండి.